ఏసీ చల్లగానే ఉంది, మధ్యాహ్నానికి అందరికీ తలనొప్పి. ఫ్రెష్ ఎయిర్ ఎక్కడ ఆగిపోతోంది?

తొమ్మిదో_అంతస్తు
అందరికీ నమస్కారం. ఒక పెద్ద ఆఫీసు భవనంలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా చేరి నాలుగు నెలలైంది. పై అంతస్తు నుంచి రోజూ ఒకటే ఫిర్యాదు. మధ్యాహ్నం రెండు దాటితే చాలు తల బరువు, ఆవలింతలు, కళ్ల మంట. ఏసీ పనిచేయడం లేదా అంటే శుభ్రంగా పనిచేస్తోంది, హాల్లో 24 డిగ్రీలు దాటదు. నిన్న ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు తెచ్చి పెట్టాను. మూడు గంటలకు హాల్లో 2300 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఇన్ని భాగాలు), మీటింగ్ రూములో 3100. అది చూశాక నాకే టెన్షన్ పట్టుకుంది.

హాలు 1200 చదరపు మీటర్లు. 120 మందికని డిజైన్ చేశారు, ఇప్పుడు 190 సీట్లు వేశారు. మధ్యాహ్నం ఓ 150 మంది ఉంటారు. మేనేజ్‌మెంట్ వాళ్లు 20 ఎయిర్ ప్యూరిఫైయర్లు కొందామంటున్నారు. సరైన దారేనా?

కిటికీ_పక్కన
మా ఆఫీసులో ప్యూరిఫైయర్లు పెట్టారు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, మేం నిద్రపోతూనే ఉంటాం.

లెక్కలమ్మాయి
తొమ్మిదో_అంతస్తు గారూ, ప్యూరిఫైయర్ల ఆర్డరు కాస్త ఆపించండి. ప్యూరిఫైయర్లలో ఉండే హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల సన్నటి కణాలను కూడా 99.97 శాతం పట్టేస్తుంది. కానీ కార్బన్ డయాక్సైడ్ కణం కాదు, వాయువు. ఫిల్టరులోంచి దర్జాగా బయటికి వచ్చేస్తుంది. 20 కాదు, 200 పెట్టినా మీ 2300 అలాగే ఉంటుంది.

ఇంకో మాట. ఈ స్థాయిలో కార్బన్ డయాక్సైడ్ దానంతట అది విషమని భయపడకండి. అది లోపలి గాలి ఎంత పాతబడిందో చెప్పే గుర్తు, అంతే. అది అంత పేరుకుందంటే దానితోపాటు ఒంటి వాసనలు, కార్పెట్లూ కొత్త ఫర్నిచరూ వదిలే ఫార్మాల్డిహైడ్ లాంటి ఆవిర్లు, ఎవరికైనా జలుబు ఉంటే ఆ తుంపర్లు, అన్నీ పేరుకున్నట్టే. 1858లోనే మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే వైద్యుడు గది గాలికి 1000 పీపీఎంను హద్దుగా చెప్పాడు. ఈ రోజుకీ అందరి నోటా వినిపించే 1000 అంకె అక్కడిదే.

డక్టు_బాబాయ్
తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. ఆ ఏహెచ్‌యూకి (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి పంపే యంత్రం) ఫ్రెష్ ఎయిర్ డాంపరు (బయటి గాలిని వదిలే, ఆపే రెక్కల తలుపు) ఉందా? ఉంటే నీ కళ్లతో చూశావా, స్క్రీన్ మీద చూశావా?

తొమ్మిదో_అంతస్తు
బీఎంఎస్‌లో, అంటే భవనం యంత్రాలను నడిపే కంప్యూటర్లో చూశాను బాబాయ్. ఫ్రెష్ ఎయిర్ డాంపరు 30 శాతం ఓపెన్ అని చూపిస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే అంకె.

డక్టు_బాబాయ్
స్క్రీన్ చెప్పేది యాక్చుయేటరుకు, అంటే రెక్కలను తిప్పే మోటారుకు ఇచ్చిన ఆర్డరు. రెక్కలు తిరిగాయో లేదో దానికేం తెలుసు? నా సర్వీసులో సగం ఫ్రెష్ ఎయిర్ సమస్యలు అక్కడే తేలాయి. పైకెక్కి చూడు.

చిల్లర్_రాజా
తొందరపడి డాంపర్లు బార్లా తెరిచేయకండి. బయటి గాలంటే వేడి, తేమ. దాన్ని చల్లబరచాల్సింది ఏసీకి చల్లటి నీళ్లిచ్చే మా చిల్లర్ యంత్రమే. బయట 35 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న రోజున మీ 190 సీట్ల హాలుకి కావాల్సిన సెకనుకు 835 లీటర్ల బయటి గాలిని లోపలి స్థితికి తేవాలంటే దాదాపు 33 కిలోవాట్ల చల్లదనం కావాలి. తొమ్మిదిన్నర టన్నులు. ఒక్క అంతస్తుకి! కరెంటు బిల్లు చూశాక మళ్లీ ఇదే మేనేజ్‌మెంట్ వచ్చి డాంపర్లు మూయమంటుంది.

లెక్కలమ్మాయి
రాజా గారూ, లెక్క కరెక్టే. కానీ ఆ పేరుతో మూసేస్తే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 1973 చమురు సంక్షోభం తర్వాత భవనాలను బిగించారు, కిటికీలు తెరుచుకోకుండా చేశారు. 1981 నాటి ఆష్రే (అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం) ప్రమాణంలో పొగతాగని ఆఫీసులో మనిషికి 5 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), అంటే సెకనుకు సుమారు రెండున్నర లీటర్లు చాలన్నారు. ఆ తర్వాత తలనొప్పులు, గొంతు మంటలు, కారణం తెలియని నీరసం. సిక్ బిల్డింగ్ సిండ్రోమ్ అనే మాట ఆ రోజుల్లోనే జనం నోళ్లలో పడింది. 1989లో మళ్లీ సవరించి ఆఫీసులకు మనిషికి 20 సీఎఫ్ఎం చేశారు.

ఇప్పటి పద్ధతిలో లెక్క రెండు ముక్కలు. మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, దానికి తోడు చదరపు మీటరుకు 0.3 లీటర్లు. మొదటిది మనుషులు వదిలేదానికి, రెండోది గోడలు, కార్పెట్లు, సామాను వదిలేదానికి. మీ హాలుకి అప్పట్లో 120 మందికి 300, నేలకి 360, మొత్తం 660 లీటర్లు. 190 సీట్లకి 475, 360 కలిపి 835. అంటే డిజైన్ ప్రకారం అంతా పనిచేసినా ఇప్పుడు పావు వంతుకు పైగా పెంచాలి.

తొమ్మిదో_అంతస్తు
లెక్కలమ్మాయి గారూ, ఒక సందేహం. 835 లీటర్లు ఇచ్చేస్తే 1000 లోపు వస్తుందా?

లెక్కలమ్మాయి
రాదు! చాలామంది ఇక్కడే పొరబడతారు. కుర్చీలో కూర్చున్న మనిషి సెకనుకు సుమారు 0.005 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. దాన్ని మనిషికి అందే గాలితో భాగించండి. 10 లీటర్లు అందితే 0.0005, అంటే బయటి గాలి కన్నా 500 పీపీఎం ఎక్కువ. బయట 420 ఉంది కాబట్టి లోపల 920. 5 లీటర్లే అందితే 1420.

మీ దగ్గర 835ని 190తో భాగిస్తే మనిషికి 4.4 లీటర్లు. అందరూ సీట్లలో ఉంటే 1550 దాటుతుంది. 150 మందే ఉంటే 1300 చిల్లర, గోడల సందుల్లోంచి చొరబడే గాలి వల్ల ఇంకొంచెం తక్కువ. ప్రమాణం చెప్పే కనీసం వేరు, 1000 అంకె వేరు. సీట్లు ఇరికించే కొద్దీ ఆ రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. ఇరికించింది మీరు కాదనుకోండి.

కిటికీ_పక్కన
ఇంత లెక్కెందుకు అండీ? కిటికీలు తెరిస్తే పోదా?

డక్టు_బాబాయ్
చిన్న భవనంలో అయితే పోతుందమ్మా. పెద్ద భవనంలో కిటికీ పక్కన ఇద్దరికి గాలి తగులుతుంది, మధ్యలో కూర్చున్న వంద మందికి తగలదు. పైగా ఎత్తైన భవనం పొగగొట్టం లాంటిది. బయట చల్లగా ఉన్న రోజు లోపలి వెచ్చని గాలి పైకెక్కి పై అంతస్తుల్లోంచి పోతుంది, కింద లాబీలోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. బాగా వేడి రోజుల్లో అదే తిరగబడుతుంది. ఏ కిటికీ గాలిని తెస్తుందో, ఏది బయటికి నెడుతుందో నీ చేతిలో ఉండదు. ఎండాకాలం తేమ గాలి వచ్చి చల్లటి గ్రిల్లులకి తగిలితే నీళ్లు కారడం అదనం. అందుకే పెద్ద భవనాల్లో గాలిని ఫ్యాన్లతో, డక్టులతో లెక్కగా తెచ్చి లెక్కగా పంపేది.

రాత్రి_షిఫ్టు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా దగ్గర పొద్దున్నే ఏసీ ఆన్ చేయగానే అరగంట సేపు మురుగు వాసన. ఫిల్టర్లు మార్చాం, డక్టు కడిగించాం. పోలేదు.

డక్టు_బాబాయ్
డ్రెయిన్ పాన్ (ఏసీ నీళ్లు పడే పళ్లెం) కింద ట్రాప్, అంటే నీళ్లు నిలిచే పైపు వంపు, ఎండిపోయి ఉంటుంది. గాలిని చల్లబరిచే కాయిల్ తర్వాత ఫ్యాన్ ఉంటే కాయిల్ దగ్గర గాలి పీల్పుడు మీద ఉంటుంది. ట్రాప్‌లో నీళ్లు నిలిచినంత కాలం అది తలుపు వేసినట్టే. నీళ్లు ఎండిపోతే డ్రెయిన్ పైపులోంచి మురుగు గాలి నేరుగా ఏహెచ్‌యూలోకి. ఒక బకెట్ నీళ్లు పోసి చూడు. మళ్లీ ఎండిపోతుంటే ట్రాప్ లోతు చాలడం లేదన్నమాట.

రాత్రి_షిఫ్టు
బాబాయ్, పోశాను. వాసన మాయం. డక్టు కడిగించిన డబ్బులు గుర్తొస్తే ఏడుపొస్తోంది.

తొమ్మిదో_అంతస్తు
అప్‌డేట్. డాంపరు ఉన్నది ప్లాంట్ రూము గోడకి, డక్టుకి మధ్య ఇరుకులో. రేపు నిచ్చెన తెప్పిస్తున్నా. ఈలోపు బయటి గాలి ఎంత వస్తోందో కొలిచే దారి ఏదైనా ఉందా? గాలి వేగం కొలిచే ఎనిమోమీటరు పెట్టేంత తిన్నటి డక్టు ముక్క కూడా లేదు.

లెక్కలమ్మాయి
రెండు దార్లు. ఒకటి ఉష్ణోగ్రతలతో. రిటర్న్ (హాల్లోంచి తిరిగొచ్చే గాలి) 25, బయట 35 అయితే, 20 శాతం బయటి గాలి కలిసినప్పుడు మిక్స్‌డ్ ఎయిర్ (రెండూ కలిసిన గాలి) 27 రావాలి. కానీ మీ ఏహెచ్‌యూ మొత్తం గాలి సెకనుకు 6000 లీటర్ల దరిదాపుల్లో ఉండి ఉంటుంది. అందులో 660 అంటే 11 శాతమే, తేడా ఒక్క డిగ్రీ. సెన్సరు అర డిగ్రీ తప్పు చూపినా లెక్క గంగలో కలుస్తుంది.

అందుకే రెండో దారి. ఒకే మీటరుతో, పదేసి నిమిషాలు ఆగుతూ మూడు చోట్ల కార్బన్ డయాక్సైడ్ చూడండి. రిటర్న్‌లో, సప్లైలో (హాల్లోకి పంపే గాలి), బయట. రిటర్న్‌లోంచి సప్లై తీసేయండి. వచ్చినదాన్ని రిటర్న్, బయటి గాలి మధ్య తేడాతో భాగించండి. అదే బయటి గాలి వాటా. మీటరు మార్చకండి, రెండు మీటర్లు ఎప్పుడూ ఒకే మాట చెప్పవు.

తొమ్మిదో_అంతస్తు
రిటర్న్ 2300. సప్లై 2250. బయట 420. అంటే 50ని 1880తో భాగిస్తే… మూడు శాతం కూడా లేదు!

డక్టు_బాబాయ్
మూసుకున్న డాంపరు సందుల్లోంచి కారే గాలి అది. నిచ్చెన ఎక్కు.

ఫిల్టరు_ఫ్రెండ్
బయటి గాలి పెంచబోతున్నారు కాబట్టి నా వంతు మాట. బయట దుమ్ము ఉంటే దాన్నే లోపలికి తెచ్చిపోస్తారు. సన్నటి ధూళికి, అంటే పీఎం 2.5కి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన మార్గదర్శకం ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. పెద్ద రోడ్డు పక్కన ఉన్న ఏ భవనం బయటా అంత శుభ్రమైన గాలి ఆశించకండి. ఫిల్టరు ఎంత సన్నటి కణాలను పడుతుందో చెప్పే రేటింగు మెర్వ్. మెర్వ్ 8 పెద్ద దుమ్ముకే పనికొస్తుంది. మెర్వ్ 13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లో కనీసం సగాన్ని, 1 నుంచి 3 మైక్రాన్లవాటిలో 85 శాతాన్ని పడుతుంది.

అలాగని పరుగెత్తి మెర్వ్ 13 కొని పాత ఫ్రేములో దూర్చకండి. ముందు ఫ్యాన్ ఆ అడ్డును తట్టుకుంటుందో చూడాలి. ఇక ఫ్రేము. నేను చూసిన ఒకచోట ఖరీదైన ఫిల్టరు చుట్టూ వేలు దూరేంత సందు. గాలికి బుద్ధి ఎక్కువ, తేలిక దారే వెతుక్కుంటుంది. ఫిల్టరు తెల్లగా మెరుస్తోంది, వెనక కాయిల్ నల్లగా ఉంది. సందు మూసే గ్యాస్కెట్ వేయకుండా మెర్వ్ గురించి మాట్లాడటం దండగ.

చిల్లర్_రాజా
ఫిల్టరు అడ్డు పెరిగిందని ఫ్యాన్ స్పీడు పెంచితే కరెంటు సంగతి కూడా చెప్పండి మరి. గాలి స్పీడుతో సమానంగా పెరుగుతుంది, కరెంటు స్పీడు ఘనంతో పెరుగుతుంది. తగ్గించినప్పుడు అదే మనకు లాభం. 80 శాతం స్పీడులో తిప్పితే కరెంటు దాదాపు సగానికి, 51 శాతానికి దిగుతుంది. నేను ఫ్రెష్ ఎయిర్‌కి శత్రువును కాదు. మనుషులు లేని గంటల్లో ఎందుకు పోయాలన్నదే నా గొడవ.

లెక్కలమ్మాయి
ఇక్కడ మాత్రం మనిద్దరం ఒకటే. మనుషుల సంఖ్యను బట్టి గాలిని మార్చే డిమాండ్ కంట్రోల్ ఉన్నది అందుకే. కార్బన్ డయాక్సైడ్ సెన్సరు చూసి డాంపరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. కానీ పూర్తిగా మూసుకోకూడదు. మనుషులు లేకపోయినా కార్పెట్టు ఊపిరి ఆపదు, ఆ 360 లీటర్ల ముక్క ఇవ్వాల్సిందే. ఉదయం జనం రాకముందే కాసేపు ఫ్రెష్ ఎయిర్ తిప్పి రాత్రంతా పేరుకున్నది కడిగేయాలి.

రాత్రి_షిఫ్టు
మా దగ్గర ఆ సెన్సర్లు పెట్టారు. 24 గంటలూ మనుషులుండే భవనం. ఏడాది తర్వాత హాలు కిక్కిరిసి ఉన్నా 600 చూపిస్తున్నాయి. సెన్సర్లు చెడిపోయాయని మార్చారు, మళ్లీ అదే కథ.

లెక్కలమ్మాయి
చెడిపోలేదు, మోసపోయాయి. చాలా సెన్సర్లు కొన్ని రోజులకొకసారి తాము చూసిన అతి తక్కువ అంకెను బయటి గాలిగా అనుకుని తమను తాము సరిచేసుకుంటాయి. రాత్రి ఖాళీ అయ్యే ఆఫీసులో అది సరే. ఎప్పుడూ ఖాళీ కాని భవనంలో 800ని 400 అనుకుంటాయి. మీ చోట ఆ ఆటో కాలిబ్రేషన్ ఆఫ్ చేయించి చేత్తో కాలిబ్రేట్ చేయించాలి.

తొమ్మిదో_అంతస్తు
ఎక్కాను. బాబాయ్, మీకు దండం.

యాక్చుయేటరు చక్కగా తిరుగుతోంది. 30 అంటే 30, 60 అంటే 60. కానీ దాని చేతిని రెక్కల షాఫ్టుకు బిగించే స్క్రూ వదులైపోయింది. చెయ్యి గాల్లో ఊగుతోంది, రెక్కలు పూర్తిగా మూసుకుని తుప్పు పట్టి ఉన్నాయి. రెక్కల మీద దుమ్ము ఎంత మందంగా ఉందంటే ఎన్నేళ్ల నుంచి ఇలా ఉందో చెప్పలేను. బయటి జాలీకి పక్షి గూడు కూడా ఉంది, ఖాళీది.

డక్టు_బాబాయ్
షాఫ్టు చివర చిన్న గాటు ఉంటుంది, అది రెక్కల వాలును చూపిస్తుంది. దాన్ని చూస్తూ బిగించు. రెక్కలకు నూనె పెట్టి ముందు చేత్తో ఆడించు. గాలి తీసుకునే జాలీ చుట్టూ కూడా చూడు. జనరేటరు పొగ గొట్టం, టాయిలెట్ ఎగ్జాస్ట్, కూలింగ్ టవరు దగ్గర్లో ఉన్నాయా? 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సభ తర్వాత న్యుమోనియాతో పాతిక మందికి పైగా చనిపోయారు. లీజియోనేర్స్ జబ్బుకు ఆ పేరు వచ్చింది అక్కడే. కూలింగ్ టవరు తుంపరలో ఆ బ్యాక్టీరియా బతకగలదు. ఫ్రెష్ ఎయిర్ పేరుతో దాన్ని పీల్చుకోకూడదు.

తొమ్మిదో_అంతస్తు
టవరు అవతలి మూల, చాలా దూరం. జనరేటరు గొట్టం మాత్రం అదే వైపు ఉంది, రేపు టేపు పెట్టి కొలుస్తా.

తొమ్మిదో_అంతస్తు
నాలుగు రోజుల తర్వాత. డాంపరును 835కి దగ్గరగా సెట్ చేశాం. మూడు గంటలకు హాలు 1250! తలనొప్పి ఫిర్యాదులు బాగా తగ్గాయి. కానీ రెండు కొత్త గొడవలు. హాల్లో తేమ 68 శాతానికి వెళ్లింది, కాగితాలు మెత్తబడుతున్నాయంటున్నారు. మీటింగ్ రూము ఇంకా 1900 దగ్గరే ఉంది.

చిల్లర్_రాజా
చెప్పానా లేదా?

మోడరేటర్
రాజా గారూ, చెప్పారు. ఇప్పుడు దారి కూడా చెప్పండి.

చిల్లర్_రాజా
సరే సరే. కాయిల్ ఎప్పుడు కడిగారు? రెక్కల మధ్య బురద ఉంటే గాలి చల్లబడినట్టే ఉంటుంది, తేమ మాత్రం పిండదు. ముందు అది. తర్వాత సప్లై గాలి ఉష్ణోగ్రత చూడండి. ఎవరో పుణ్యాత్ములు పొదుపు పేరుతో 16కి పెంచి ఉంటారు, తేమ తీయాలంటే 13 దగ్గరికి దింపాలి. దీర్ఘకాలానికైతే ఎనర్జీ రికవరీ వీల్. బయటికి పోయే చల్లటి పొడి గాలి లోపలికి వచ్చే వేడి తేమ గాలిని ముందే కాస్త దారికి తెస్తుంది. 70 శాతం సామర్థ్యం ఉన్న వీల్ నేను చెప్పిన ఆ 33 కిలోవాట్లలో దాదాపు 23 మిగులుస్తుంది. అలా ఇస్తే ఎంత ఫ్రెష్ ఎయిర్ అయినా తీసుకోండి, నా అభ్యంతరం లేదు.

లెక్కలమ్మాయి
వీల్ పెడితే టాయిలెట్ ఎగ్జాస్ట్‌ను మాత్రం అందులోకి కలపకండి. వీల్ తిరుగుతూ పోయే గాలిని కొంచెం తిరిగి లోపలికి మోసుకొస్తుంది.

మీటింగ్ రూము సంగతి. హాల్లో తర్వాత గోడలు కట్టి విడదీసిన గదేనా అది? 60 చదరపు మీటర్ల గదిలో 18 మంది తలుపేసుకుని కూర్చుంటే, ఏ గాలీ మారకపోతే గంటకు 2000 పీపీఎం పెరుగుతుంది. సప్లై గ్రిల్ ఉందా, రిటర్న్ ఉందా?

తొమ్మిదో_అంతస్తు
సప్లై రెండు గ్రిల్లులు. రిటర్న్… ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తి చూశా. గోడను స్లాబు దాకా కట్టేశారు. గాలి వెళ్లే దారే లేదు.

డక్టు_బాబాయ్
నోరు కట్టేసిన బెలూన్‌లో ఊదినట్టు. గాలి పోవడానికి దారి లేకపోతే రావడానికీ దారి ఉండదు. సీలింగ్ పైన గోడలో హాలు వైపుకి కన్నం కొట్టి ట్రాన్స్‌ఫర్ డక్టు పెట్టు. ఆంగ్లపు ఎల్ ఆకారంలో వంచి లోపల లైనింగ్ వేస్తే మీటింగ్ మాటలు బయటికి వినపడవు. అది మంటలు పాకకుండా ఆపే ఫైర్ గోడా కాదా ముందు డ్రాయింగులో చూసుకో, ఫైర్ గోడైతే మంటొస్తే మూసుకునే ఫైర్ డాంపరు లేకుండా ముట్టుకోకు.

కిటికీ_పక్కన
ఇన్ని రోజులుగా నేను మీటింగుల్లో నిద్రపోతే నాదే తప్పనుకున్నా.

తొమ్మిదో_అంతస్తు
మరో రెండు వారాల తర్వాత. కాయిల్ కడిగాం, సప్లై 13.5కి దింపాం, తేమ 57 దగ్గర ఆగింది. అది ఫైర్ గోడ కాదు. ట్రాన్స్‌ఫర్ డక్టు పెట్టాక నిండు మీటింగులో 1350. ప్యూరిఫైయర్ల ఆర్డరు రద్దు చేశారు, ఆ డబ్బుతో గ్యాస్కెట్లు, మెర్వ్ 13 వేయిస్తున్నాం. ఫ్యాన్ తట్టుకుంటుందని లెక్క చూసుకున్నాకే.

ఇవాళ ఎనిమిదో అంతస్తు ఏహెచ్‌యూ తెరిచాను. బీఎంఎస్‌లో అక్కడ కూడా 30 శాతం ఓపెన్ అని ఉంది. పైకెక్కి చూస్తే యాక్చుయేటరే లేదు. రెండు వైర్లు వేలాడుతున్నాయి, టేపు చుట్టి.

డక్టు_బాబాయ్
ఫొటో పెట్టు తమ్ముడూ. ఏడో అంతస్తు కూడా చూసి ఒకేసారి పెట్టు.